మూతలు మారిన అడవి

మా ఇంటి ముందు గదిలో ఒక అడవి ఉండేది. గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా, మందపాటి గుడ్డ మీద బాబాయి వేసిన అడవి. అటూ ఇటూ చెట్లు, మధ్యలో ఎక్కడికీ పోని దారి. ఆ దారికి అడ్డంగా స్టూలు వేసి, దాని మీద జనాన్ని కూర్చోబెట్టి నాన్న ఫొటోలు తీసేవాడు. ముందు గది స్టూడియో, వెనక గదులు ఇల్లు. మేం వీధిలోకి వెళ్ళాలంటే ఆ అడవి ముందు నుంచే వెళ్ళాలి. ఎవరైనా ఫొటో దిగుతుంటే ఫ్లాష్ వెలిగేదాకా తెర పక్కన నక్కి నిలబడాలి. బడికి ఆలస్యమైనప్పుడు నేను చెప్పే కారణం మా టీచర్ ఎప్పుడూ నమ్మలేదు. పసిపిల్ల కళ్ళు తెరవలేదు టీచర్ అంటే ఎవరు నమ్ముతారు?

నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం, ఆ తెర తీసేస్తానన్నాడు నాన్న.

తెర పాతబడిన మాట నిజమే. మడతల దగ్గర రంగు పెచ్చులు లేచింది. ఎడమవైపు చెట్టుకి నడుము దగ్గర పిల్లలు గోకి గోకి గుడ్డ కనిపిస్తోంది. పక్క వీధి స్టూడియో వాళ్ళు అచ్చువేసిన జలపాతం తెచ్చి తగిలించారు. దాని ముందు నిలబడితే ఒళ్ళు తడుస్తుందేమో అన్నంత బాగుందని మా ఇంటికే వచ్చి చెప్పినవాళ్ళున్నారు. నాన్న అదంతా నవ్వుతూ విని, వాళ్ళు వెళ్ళాక మా తెర వంక చాలాసేపు చూశాడు. మనమూ అచ్చు వేయిద్దాం అన్నాడు. కానీ అచ్చువేసే వాళ్ళ దగ్గరుండే బొమ్మ వద్దట, ఆ బొమ్మ అందరి గోడల మీదా ఉంటుందట. ఊరి చివర చిట్టడవి పెట్టుకుని ఎవరిదో అడవి మనకెందుకు అన్నాడు.

స్టూడియో వదిలి నాన్న కదలలేడు. తన పాత కెమెరా నా మెడలో వేశాడు. స్టూడియోలో ఇంకే పనికీ నేను పనికిరానని అప్పటికే తేలిపోయింది. ఒకసారి ఫొటోకి ఒకాయన వచ్చి కూర్చుంటే, నాన్న లైటు సర్దుకుంటూ, ఆయన్ని కాస్త నవ్వమని చెప్పమ్మా అన్నాడు. నేను నాకే వినపడనంత మెల్లిగా చెప్పాను. ఆయన నా వైపు వంగి, ఒంట్లో బాగాలేదా పాపా అని అడిగాడు. అందుకే నాన్న కెమెరా ఇస్తూ అన్నాడు:

"చెట్లని నవ్వమనక్కర్లేదులే. పో."

తోడు బాబాయి. వీధిలో ఆయన్ని అందరూ రంగులయ్య అంటారు. ఆ పేరు పెట్టింది నాన్నే. కొట్ల బోర్డులు, బడి గోడల మీద బొమ్మలు, మా తెరలు, ఏది వేసినా నాన్న పక్కన నిలబడి, మావాడి చేతికి రంగులు చెప్పినమాట వింటాయి అనేవాడు. ఇంటి వెనక వసారాలో బాబాయి రంగు డబ్బాలు వరసగా ఉండేవి. వాటి మీద అమ్మ చేత్తో రాసిన చీటీలు: ఆకు, మాను, మట్టి, ఆకాశం, పెదవి. బాబాయి రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి అమ్మ రాసిపెట్టేదని నేననుకునేదాన్ని. చీటీలు మూతల మీద ఉండేవి కావు, డబ్బాల ఒంటి మీద ఉండేవి.

ఆ డబ్బాల్లోంచి వచ్చిన తెరల్లో నాన్నకి అన్నిటికన్నా ఇష్టమైనది నేను పుట్టకముందుది. అందులో ఆకులు ఇటుక రంగు, మానులు పచ్చ. బాబాయి వేసి తగిలించిన రోజు నాన్న దాని ముందు చాలాసేపు నిలబడి, ఇది ఎండాకాలం అడవి, ఆకు ఎండినా మానులో ప్రాణం ఉందని మావాడు చెబుతున్నాడు అన్నాడట. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు. గుడ్డ చివికిపోయాక కూడా పారేయకుండా చుట్టి అటక మీద పెట్టాడు.

కొత్త తెరతో పాటు నాన్న ఇంకో నిర్ణయం కూడా చేశాడు. అచ్చు తెర వచ్చాక బాబాయికి ఇక్కడ పని ఉండదు. బోర్డులు రాయించుకునేవాళ్ళు ఎప్పుడో మానేశారు. బండ్ల షెడ్డు ఆయన నాన్నకి స్నేహితుడు. సొట్టలు తీసి రంగు వేసే చోట, పాత రంగుకి సరిగ్గా కలిసే కొత్త రంగు కలిపే మనిషి కావాలని చాలాకాలంగా అడుగుతున్నాడట. అన్నం తింటూ నాన్న ఈ సంగతి చెప్పి, నీకంటే ఎవడు దొరుకుతాడు వాళ్ళకి అన్నాడు. సంబరంగానే అన్నాడు. తమ్ముడికి మంచి దారి చూపిస్తున్నానని ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది.

ఒక మాటకి పది మాటలు చెప్పే బాబాయి, "సరే అన్నయ్యా," అని ఊరుకున్నాడు.

అమ్మ ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. ఆయన వద్దనలేదు, తినలేదు.

*

అడవిలో మొదటి రోజులు నేను తీసినవన్నీ పనికిరానివే. చెట్టు మొత్తం పట్టాలని వెనక్కి వెనక్కి నడిచేదాన్ని. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే అన్నీ కలిసి ఒక పచ్చటి ముద్ద. ఇది అడవా, ఆకుకూరల కొట్టా అన్నాడు నాన్న.

బాబాయి మాత్రం దగ్గరికి పొమ్మన్నాడు. మనుషుల్ని తీసేటప్పుడు మీ నాన్న కాళ్ళ నుంచి మొదలుపెడతాడా, ముఖం నుంచా అన్నాడు. చెట్టు ముఖం బెరడు అన్నాడు. పొద్దున్నే, ఎండ పక్క నుంచి పడేటప్పుడు వెళ్ళడం మొదలుపెట్టాం. అప్పుడు బెరడు మీద ఉన్న గీతలు, గట్లు, పగుళ్ళు అన్నీ లేచి కూర్చుంటాయి. ఎండ నెత్తికెక్కాక అదే చెట్టు సున్నం వేసిన గోడలా అయిపోతుంది. నీడ మరీ నల్లగా ఉంటే బాబాయి తెల్లటి థర్మాకోల్ అట్ట పట్టుకుని అటువైపు కాస్త వెలుగు తిప్పేవాడు. పట్టుకుని ఊరుకునేవాడా, చెట్లకి పేర్లు పెట్టేవాడు. పలకలు పలకలుగా పగిలినది మొసలి. తోలు ఊడిపోతూ లోపల నున్నగా కనిపించేది బట్టతల. కణుపులతో వంకర పోయినది మా ఊరి సర్పంచి. సర్పంచిని పక్క నుంచి తీయవే, ముందు నుంచి తీస్తే కోప్పడతాడు అనేవాడు.

నాకు ఆ పొద్దుటి పూటలు చాలా నచ్చాయి. చెట్లు నన్ను చూడవు. ఎంతసేపు నిలబడినా ఇంకా అవలేదా అనవు. డైరీలో రోజూ రాసేదాన్ని: ఈవేళ ఏ బెరడు, చేత్తో ముడితే ఎలా ఉంది, చీమలు ఎటు పోతున్నాయి.

ఒక పొద్దున మొసలి చెట్టుని తీస్తుంటే బాబాయి, ఆగు, ఆ పురుగు ఎగిరిపోతుంది, మెల్లిగా అన్నాడు. ఏ పురుగు అన్నాను. నీ ముక్కు ముందు అన్నాడు. నాకేమీ కనిపించలేదు. బాబాయి గడ్డిపరకతో చూపించాడు. బెరడు రంగులోనే ఉన్న రెక్కల పురుగు, రెక్కలు పరిచి బెరడులో బెరడైపోయి ఉంది. చూపించాక కూడా కళ్ళు తిప్పితే మళ్ళీ పోయేది. ఆ తర్వాత ఆయన అలాంటివి చాలా చూపించాడు. ఆకుల్లో ఆకులా ఉన్న ఊసరవెల్లిని నేను చెట్టంతా వెతుకుతుంటే, ఆయన దూరం నుంచే అదిగో కూర్చుంది దొరసాని అనేవాడు. అంత కన్నున్న మనిషి షెడ్డు గురించి దిగులు పడటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఒక రోజు, నల్లటి కాండం ముందు ఒక ఎర్రాకు పెట్టి తీయాలనిపించింది.

"బాబాయ్, ఆ ఎర్రాకు ఒకటి అందుకో."

ఆయన వంగి ఒక ఆకు తెచ్చి ఇచ్చాడు. పచ్చది. ఆటపట్టిస్తున్నాడనుకుని ఎర్రది అన్నాను. ఇంకోటి తెచ్చాడు. ఈనెలు చక్కగా ఉన్నాయి, పచ్చదే.

"ఎర్రది బాబాయ్. నీ కాలి దగ్గరే ఉంది కదా."

ఆయన కాలి వంక చూసుకున్నాడు. అక్కడ చాలా ఆకులున్నాయి, ఎర్రది ఒక్కటే. నేను నిలబడిన చోటికి నెత్తుటి బొట్టులా కనిపిస్తోంది. ఆయన ఒక్కొక్క ఆకునీ చూశాడు. ఎర్రదాని మీద నుంచి చూపు జరిగి పక్కదాని మీదికి పోయింది. కాసేపటికి అన్నిటినీ రెండు చేతులా ఎత్తుకొచ్చి నా ముందు పోశాడు.

"నీకు కావలసింది నువ్వే ఏరుకో, మహారాణీ."

నేను ఎర్రది తీసుకున్నాను. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. థర్మాకోల్ అట్ట పక్కన పెట్టి వేరు మీద కూర్చున్నాడు.

బళ్ళో ఉండగా తెలిసిందట. గడ్డి బొమ్మ వేస్తే మాస్టారు చూసి, ఇదేంట్రా, గడ్డి తగలబడిందా అన్నాడట. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వానే, దేనికి నవ్వుతున్నారో తెలియక అన్నాడు బాబాయి. నీలం తెలుస్తుందట, పసుపు తెలుస్తుందట. ఎరుపూ పచ్చా మట్టీ ఒకటే. రంగు లేనందుకే పురుగు దొరుకుతుందన్నాడు. మీరంతా రంగు చూసి మోసపోతారు, నేను గీత ఎక్కడ తప్పిందో చూస్తాను అన్నాడు.

"నాన్నకి చెప్పలేదా?"

"వీధి వీధంతా రంగులయ్యా అని పిలిపించాడు మీ నాన్న. ఏమని చెప్పను?"

"మరి షెడ్డు?"

"ఈమధ్య బండ్లన్నీ తెల్లవే వస్తున్నాయట," అన్నాడు బాబాయి. నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకీ రాలేదు.

ఆ రోజు డైరీలో పురుగు గురించి మాత్రమే రాశాను. మిగతాది రాస్తే ఎవరికో చెప్పేసినట్టే అనిపించింది.

*

షెడ్డు ఆయన ఒక సాయంత్రం ఫొటో దిగడానికి వచ్చినప్పుడు మాట ఖాయమైంది. డబ్బాల మీద రంగుల నంబర్లు ఉంటాయటగా అని బాబాయి ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాడు. నేను తెర పక్కన ఉన్నాను. నంబరు ఎవడైనా చదువుతాడయ్యా అన్నాడు ఆయన. ఎండకి వెలిసిన బండికి నంబరుండదు, పక్కన పెట్టి చూసే కన్ను కావాలి, అది లేక మొన్నే ఒకడు ఒక కారు తలుపు ఒక రంగు, డిక్కీ ఒక రంగు చేసి పెట్టాడు, దాని యజమాని మా గేటు ముందు చేసిన గొడవకి వీధంతా పోగైంది అన్నాడు. ఆదివారం సాయంత్రం రెండు మూడు రేకులు తెస్తాను, సరదాగా కలిపి చూపించు, సోమవారం నుంచి వచ్చెయ్ అన్నాడు.

మావాడికి పరీక్షా అని నవ్వాడు నాన్న. బాబాయి కూడా నవ్వాడు. గడ్డి బొమ్మ రోజున ఆయన ఎలా నవ్వి ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు వంటింట్లో అమ్మ టమాటాలు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, డబ్బాల మీద చీటీలు నువ్వెందుకు రాస్తావమ్మా అన్నాను. అమ్మ నా వంక చూసింది. తర్వాత టమాటాల వంకే చూస్తూ చెప్పింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో బాబాయిని టమాటాలు తెమ్మంటే సగం పచ్చివి తెచ్చాడట. మళ్ళీ పంపితే మళ్ళీ అంతే. మూడోసారి నుంచి తనే వెళ్ళి తెచ్చుకుందట.

"అడగలేదా అమ్మా?"

"అతను చెప్పలేదు. చెప్పని మాటని నేనెట్లా అడిగేది? డబ్బాలకి చీటీలు అంటించాను. మొదట మూతల మీద అంటించాను, అదే నా తెలివితక్కువతనం."

అమ్మ అక్కడితో ఆగి, కత్తిపీట ముందుకి లాక్కుంది. ఒక టమాటా కోశాక మళ్ళీ అంది:

"ఈ ఇంట్లో అయితే ఎట్లాగో నెట్టుకొచ్చాను. ఆ షెడ్డులో నేనుండను కదే."

ఆమె మీ నాన్నకి చెప్పు అనలేదు. చెప్పకు అని కూడా అనలేదు.

*

ఆదివారం పొద్దున తెరకి బొమ్మ ఎంచాలని నాన్న అన్నాడు. స్టూడియో ఇంకా తెరవలేదు. షట్టరు సగం లేపి ఉంది, కింద నుంచి వచ్చే వెలుగులో పాత అడవి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నాన్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బాబాయి ఆయన వెనక నిలబడ్డాడు. అమ్మ నేల తుడవడానికి గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

ముందు రోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు నేను నా ఫొటోలన్నిటికీ రంగు తీసేసి పెట్టాను. అలా చేస్తే ఏమవుతుందో నేనేమీ లెక్క వేసుకోలేదు. ముందు మొసలి చెట్టు ఒక్కదానికే రంగు తీసి చూశాను. రంగు పోగానే ప్రతి పలకా, ప్రతి పగులూ పైకి వచ్చింది. పురుగు ఎక్కడుందో మొదటిసారి నా అంతట నాకు దొరికింది. దాంతో మిగతావాటన్నిటికీ కూడా తీసేశాను.

నాన్న ఒకటి తెరిచాడు, ఇంకోటి తెరిచాడు. అన్నీ నలుపూ తెలుపే. మానిటర్ పక్కన ఒకసారి తట్టాడు.

"రంగేదమ్మా?"

"తీసేశాను."

"ఎందుకు?"

ఇంటికి వచ్చే కొత్తవాళ్ళతోనే కాదు, నాన్నతో కూడా నేను పెద్దగా మాట్లాడను. గొంతు నాకే వినపడనట్టు ఉంటుంది. ఆ రోజు మాత్రం వినపడింది.

"బాబాయికి అడవి ఇట్లాగే కనిపిస్తుంది నాన్నా."

నాన్న నవ్వాడు. రంగులయ్యకి కాకపోతే ఇంకెవరికి అని ఏదో మొదలుపెట్టి, వెనక్కి తిరిగాడు. బాబాయి నవ్వడం లేదు. నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ గుడ్డ పిండటం ఆపేసింది. బాబాయి కళ్ళు మానిటర్ మీదే ఉన్నాయి.

నాన్న మెల్లిగా అన్నాడు:

"అయితే ఆ ఎండాకాలం అడవి..."

"మూతలు మారాయి," అంది అమ్మ.

నాన్న మౌస్ మీంచి చెయ్యి తీశాడు. మళ్ళీ పెట్టాడు. లేచి వెళ్ళి, తెరిచే వేళ కాకపోయినా షట్టరు పూర్తిగా పైకి నెట్టాడు. వీధిలోకి చూస్తూ అట్లాగే నిలబడ్డాడు. బాబాయి వసారాలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నాన్న షెడ్డు ఆయనకి ఫోను చేశాడు. తమ్ముడు ఇక్కడ పనిలో ఉన్నాడు, ఇప్పుడే పంపడం కుదరదు అన్నాడు. అవతల ఏమి పని అని అడిగినట్టున్నారు. కొత్త పని అన్నాడు నాన్న. అంతకంటే చెప్పలేదు.

*

బాబాయి నాతో మాట్లాడటం మానేశాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉండేది. ఎదురైతే పక్కకి జరిగి దారి ఇచ్చేవాడు, ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టు. నేను పొద్దున్నే ఒక్కదాన్నే చిట్టడవికి వెళ్ళాను. అట్ట ఒక చేత్తో, కెమెరా ఒక చేత్తో పట్టుకుంటే రెండూ వణికాయి. సర్పంచి చెట్టు ముందు నుంచి తీసినా పక్క నుంచి తీసినా కోపంగానే వచ్చింది.

ఈలోగా అచ్చు తెర వచ్చింది. అచ్చువేసేవాళ్ళు నలుపూ తెలుపూ వద్దంటే వద్దన్నారు, ఎవరైనా పోయారనుకుంటారు అన్నారు. నాన్న రంగులదే వేయించాడు. బాగుంది. నిజంగానే బాగుంది. దాని ముందు ఫొటో దిగిన మొదటి పాప దారిలోకి పరిగెత్తబోయి గోడకి కొట్టుకుంది. కానీ మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెడితే అడవిలో స్టూలేమిటి అన్నట్టుండేది. పాత తెర ముందు ఎప్పుడూ అట్లా అనిపించలేదు, ఆ అడవి కూడా స్టూలు లాగా చేసినదే కాబట్టేమో. స్టూలు బదులు ఒక చెట్టు మొద్దు లాంటిది ఉంటే బాగుండు అన్నాడు నాన్న. ఎవరితో అన్నాడో తెలియదు, కెమెరా తుడుచుకుంటూ అన్నాడు.

రెండు రోజుల తర్వాత తెల్లవారాక నేను బయలుదేరుతుంటే, థర్మాకోల్ అట్ట అప్పటికే గుమ్మం బయట ఉంది. దాన్ని పట్టుకుని బాబాయి ఉన్నాడు.

"మొసలి అన్ని వైపుల నుంచీ కావాలి," అన్నాడు. "కింది వేళ్ళ దగ్గర కూడా. ఎండ ఎక్కేస్తోంది, నడువు."

దారిలో చాలా దూరం వెళ్ళాక ఒకటే మాట అన్నాడు. ముందు నాతో చెప్పి ఉంటే బాగుండేదే అన్నాడు. చెబితే నువ్వు వద్దనేవాడివి అన్నాను. అవును, వద్దనేవాణ్ణే అన్నాడు. అక్కడితో అయిపోయింది.

ఆ ఎండాకాలం చివరంతా వసారాలో ఆ మొద్దు తయారైంది. ఇనప జాలీ వంచి, దాని మీద కాగితాల గుజ్జు పట్టించి, నేను తీసిన ఫొటోలు గోడకి గుచ్చుకుని బాబాయి పాత చెంచాతో, దువ్వెన పళ్ళతో, ఒక్కోసారి గోటితో బెరడు తీశాడు. పలక మీద పలక, పగుల్లో పగులు. ఆరాక చేత్తో తడిమితే అడవిలో చెట్టునే తడిమినట్టుంది. ఒక చోట రెక్కలు పరిచిన పురుగుని కూడా పెట్టాడు. దాన్ని ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు.

రంగు మాత్రం వేయలేదు. తెల్లటి మొద్దు అట్లాగే వసారాలో ఉండిపోయింది. బాబాయి డబ్బాల వైపు వెళ్ళేవాడు కాదు.

ఒక పొద్దున లేచేసరికి మొద్దు పక్కన కొత్త డబ్బాలు ఉన్నాయి. డబ్బాల ఒంటి మీద చీటీలు ఉన్నాయి. అమ్మ గుండ్రటి రాత కాదు. ఫొటో కవర్ల మీద రోజూ చూసే రాత, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయే నాన్న రాత. మాను, పైన. మాను, కింద నీడలో. నాచు, కొంచెం చాలు.

బాబాయి ఒక డబ్బా ఎత్తి, కళ్ళు చిట్లించి, వెలుగులోకి తిప్పి చూశాడు. ముందు గదిలో నాన్న లైట్లు సర్దుతున్నాడు. అప్పటికే ఎవరో ఫొటోకి వచ్చి కూర్చున్నట్టున్నారు, మాటలు వినిపిస్తున్నాయి.

"అన్నయ్యా," అని బాబాయి వసారాలోంచే గట్టిగా పిలిచాడు. "నీ రాత నాకు అర్థం కావడం లేదు. ఇది ఏ రంగు?"

ముందు గదిలో మాటలు ఆగాయి.

"పచ్చ," అన్నాడు నాన్న. "ముదురు పచ్చ. చూసి, కొంచెమే వెయ్యి."